పాలల్లో దిగిన మందు

గౌలిపురలో మల్లన్నకు ఉన్నది ఒక్కటే బర్రె. ఆ ఎండాకాలం దానికి పొదుగు వాచింది. చెయ్యి వేస్తే కాలు విసిరేది. పాలు పిండితే తునకలు తునకలుగా పడ్డాయి. పశువుల దవాఖానకు తోలుకుపోతే డాక్టరు అమరనాథ్ తొడ కండలోకి పెన్సిలిన్ సూది వేశాడు.

"ఇది కండలకెల్లి మెల్లగ నెత్తుట్ల కలుస్తది మల్లన్నా. నెత్తురు ఎంబడి పొదుగుకు పోతది. కానీ ఒంట్ల నిలువదు, మూత్రంల కొట్టుకపోతనే ఉంటది. అందుకే రేపు మళ్ల తోలుకరా. అయిదు దినాలు ఎయ్యాలె."

"మరి పాలు, సార్?"

"పాలల్ల గూడ దిగుతది. ఆఖరి సూది అయినంక మూడు దినాల దాకా ఎవ్వరికి పొయ్యకు."

అంటే ఎనిమిది రోజులు. వాడుక ఇళ్లు అన్నాళ్లు ఆగుతాయా? పక్క గల్లీలో పెంటయ్యకు నాలుగు బర్రెలున్నాయి, అన్నీ అటే మళ్లుతాయి.

రెండు సూదులకే వాపు తగ్గింది. బర్రె గడ్డి మేసి నెమరు వేసింది. మూడో రోజు మల్లన్న దవాఖాన వైపు పోలేదు.

"డాక్టర్ సాబ్ అయిదన్నడు గదా," అంది పెళ్లాం ఆగమ్మ.

"మంచిగైన బర్రెకు ఇంకేం సూదులే? పాలన్నీ మోరీల పోసుకుంట కూసుందామా?"

ఆ సాయంత్రమే ఇళ్లకు పాలు పోసి వచ్చాడు. తెల్లారి శాలిబండలో వాడుక ఇంటి ఖైసర్ బేగం పరదా జరిపి గిన్నె బయట పెట్టింది. రాత్రి తోడేసిన పాలు పాలలాగే ఉన్నాయి, పెరుగు కాలేదు.

"పదేండ్ల సంది నీ పాలే తాగుతున్నం. నీళ్లు కలిపితే మాఫ్ చేస్తుంటి. గిదేం కలిపినవ్ భాయ్?"

ఏం కలపలేదని ఒట్టు వేయబోయాడు. గిన్నెలోకి చూసి ఆగాడు. పాలను తోడుకోనివ్వని ఆ మందు కలిపింది తన చెయ్యి కాకపోవచ్చు, తెలిసి పోసింది మాత్రం తనే.

"తప్పయింది బేగమమ్మా," అన్నాడు. ఏం తప్పో చెప్పలేదు. తలుపు పడింది. పక్కింట్లోనూ రేపటి నుంచి రావద్దన్నారు.

అయిదో రోజుకు వాపు తిరగబెట్టింది. అమరనాథ్ పొదుగు నొక్కి చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది మల్లన్నకు.

"ఏసిన మందు ఎన్నడో ఒంట్లకెల్లి పోయింది. సావని రోగం పురుగులు లోపల్నే ఉన్నయ్. మళ్ల షురూ చేస్త. ఆశ మాత్రం పెట్టుకోకు."

ఈసారి ఒక్క రోజు కూడా తప్పలేదు. పిండిన నాలుగు చుక్కలూ మోరీ కాలవలోనే పోశారు. అయినా వారం తిరిగేసరికి పొదుగు రాయిలా గట్టిపడింది. మూడు చన్నులు ఎండిపోయాయి. నాలుగో దాంట్లోంచి ఎర్రటి నీళ్లు వచ్చి, అవీ ఆగిపోయాయి.

ఒట్టిపోయిన గొడ్డును మేపే తాహతు వాళ్లకు లేదు. కబేళాకు గొడ్లు కొనే బేరగాడు దస్తగీర్ వచ్చి తాడు పట్టుకున్నాడు. బర్రె కదలలేదు. ఆగమ్మ ముందు నడిస్తే, ఆమె వెనక గల్లీ చివరిదాకా నడిచి వెళ్లింది.

తర్వాత మల్లన్న మలక్‌పేటలో రేసు గుర్రాల లాయంలో లద్దె ఎత్తే పనికి కుదిరాడు. బర్రె ఏమైందని ఎవరైనా అడిగితే రోగమొచ్చి పోయిందనేవాడు. ఆగమ్మ పక్కనుంటే అదీ అనేవాడు కాదు.