వట్టికాళ్ల శుక్రవారాలు

క్లైవ్ చెయ్యి ఎటు చూపిస్తే డెస్లీ బంతిని అటే దొర్లించేది. పచ్చిక మీద బరువైన బంతులు దొర్లించే బౌల్స్ ఆటలో పద్ధతే అంత. పచ్చిక అవతలి కొసన నిలబడ్డ జట్టు నాయకుడికే మొత్తం కనిపిస్తుంది. మిగతావాళ్లు ఎందుకని అడగకూడదు.

క్లైవ్ జట్టు నాయకుడే కాదు, ఆ ఊరి బౌల్స్ క్లబ్బు అధ్యక్షుడు కూడా. అందుకే, "డెస్, కమిటీలోంచి తప్పుకో. కమిటీలో ఉన్నవాళ్లకి జీతం ఇవ్వకూడదు గదా. వార్షిక సమావేశంలో నిన్నే మేనేజర్ని చేసేస్తాం," అని అతను అన్నప్పుడు కూడా ఆమె ఎందుకని అడగలేదు. రాజీనామా ఇచ్చింది. బేకరీలో పనికి కూడా నీళ్లొదిలింది.

ఆ ఉద్యోగం ఆమెకు న్యాయంగా రావలసిందే. చెరకు పొలాల మధ్య ఉన్న ఆ ఊళ్లో క్లబ్బుకు తాళం పడబోతుంటే ఆపింది ఆమే. తెల్లబట్టలు, తెల్లబూట్లు లేనిదే పచ్చిక తొక్కనివ్వని పెద్దలతో పోట్లాడి, శుక్రవారం సాయంత్రాలు టికెట్ కొనుక్కుని ఎవరైనా వట్టికాళ్లతో వచ్చి ఆడుకోవచ్చని గేటుకు బోర్డు కట్టింది. మిల్లు కుర్రాళ్లు వచ్చారు, నర్సులు వచ్చారు, బారు కిటకిటలాడింది. పొగలో నిలబడి సాసేజీలు కాల్చింది డెస్లీయే, పైసా జీతం లేకుండా.

సమావేశం రోజు క్లైవ్ గొంతు సవరించుకున్నాడు.

"క్లబ్బు నడిపే పని బ్రిస్బేన్ కంపెనీకి ఇస్తున్నాం. మేనేజర్ని వాళ్లే పంపుతారు. కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది."

డెస్లీ లేచి నిలబడింది. "నేనుంటే ఏకగ్రీవం అయ్యేదా?"

"నువ్వు లేవు గదా!" వెనకనుంచి ఎవరో నవ్వారు.

"నన్ను తప్పుకోమన్నప్పుడే నీకిది తెలుసా, క్లైవ్?"

"ఇప్పుడవన్నీ ఎందుకే? క్లబ్బు మంచికేగా."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు," అన్నాడు బల్ల వైపు చూస్తూ.

డెస్లీ పక్కకు తిరిగింది. కమిటీలో ఉన్న నోలా ఆమె జట్టులోనే ఆడుతుంది. పొద్దున ఇద్దరూ డెస్లీ కారులోనే వచ్చారు.

"నువ్వు కూడా చెయ్యెత్తావా, నోలా?"

"క్లైవ్ ఎత్తమన్నాడే," గొణిగింది నోలా.

డెస్లీకి కోపం రావలసిన చోట నీరసం వచ్చింది. నోలా స్థానంలో తనున్నా అదే చేసేది.

ఆమె బయటికి నడిస్తే క్లైవ్ వెనకే వచ్చాడు.

"శుక్రవారం వస్తావుగా? కుర్రాళ్లు నిన్నే అడుగుతారు."

"వస్తాను. టికెట్ కొనుక్కుని, ఆడుకోడానికి."

"అలాగంటే ఎలా, డెస్? మరి సాసేజీలు ఎవరు కాలుస్తారు?"

వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాడు. డెస్లీ అతన్ని ఒక్క క్షణం చూసి కారెక్కింది. నోలా కోసం ఆగలేదు.