కెప్టెన్ గారి రాయి

మా ఊరి చర్చి మసాచుసెట్స్ ఇంకా ఇంగ్లండు రాజు చేతిలో ఉన్ననాటిది. చర్చి గొప్ప కంటే ఎల్నాథన్ థాచర్ గొప్ప ఎక్కువ. చర్చి చుట్టూ ఉన్న శ్మశానానికి ఒక కమిటీ ఉంది, దానికి ఆయనే పెద్ద. దక్షిణం వైపు, వాకిలి పక్కనే, వాళ్ల మూలపురుషుడు కెప్టెన్ థాచర్ సమాధి రాయి ఉంది. నల్ల పలకరాయి మీద, ఆ కాలపు ఆనవాయితీగా, రెక్కల పుర్రె చెక్కి ఉంటుంది. ప్రతి ఆదివారం థాచర్ దాన్ని చేతిరుమాలుతో తుడిచి, మేమంతా చూశామో లేదో చూసుకుని మరీ లోపలికి వస్తాడు. చూసీ చూసీ నాకు విసుగెత్తింది.

ఉత్తరం వైపు రాళ్లు లేవు, ఉత్త గడ్డి. కెప్టెన్ గారి బానిసలను అక్కడే పూడ్చారని ఊరందరికీ తెలుసు, నోరు మాత్రం ఎవరూ విప్పరు. థాచర్‌కి అది కారు దిగి వచ్చే అడ్డదారి.

డోర్కస్ ఫ్రీమన్ ఆ బానిసల వంశపు పిల్ల. మొన్న వాళ్లమ్మ కెజయా పోయింది. "నన్ను మనవాళ్ల దగ్గరే పెట్టు" అన్నది తల్లి చివరి మాట. డోర్కస్ కమిటీ దగ్గరికి వచ్చి అదే అడిగింది. కమిటీలో నేనూ ఉన్నాను.

"మనవాళ్లు మనవాళ్లంటావు, ఏరమ్మా? ఒక్క రాయి చూపించు," అన్నాడు థాచర్. "రాయి లేనిచోట మనిషున్నాడంటే ఎలా నమ్మేది?"

"రాయి ఉంటే మనిషి ఉన్నట్టేనా థాచర్ గారూ?"

"మరి! మా కెప్టెన్ని చూడు, ఎంత దర్జాగా ఉన్నాడో. అసలా వరసలు అంత తీరుగా ఉన్నాయంటే మా తాత చలవే. అంతకుముందు రాళ్లు ఉత్తరం దక్షిణం అని లేకుండా ఎక్కడ పడితే అక్కడుండేవి. గడ్డి కోసే మిషను తిరగడం లేదని అన్నీ పీకించి, దక్షిణం వైపు బారుగా పాతించాడు."

నాకు నవ్వు ఆగలేదు. డోర్కస్ నవ్వలేదు.

"రాళ్లు సరే. మనుషుల్ని కూడా తవ్వి జరిపించాడా?"

"ఛీ ఛీ! పూడ్చిన మనిషిని ఎవరైనా కదుపుతారా?" అనేశాడు థాచర్.

"అయితే మీ కెప్టెన్ ఎక్కడున్నాడు?"

థాచర్ ఉత్తరం వైపు గడ్డి కేసి తిరిగి చూశాడు. మేమంతా చేతులెత్తి డోర్కస్‌కి సరేనన్నాం.

కెజయాని ఉత్తరం వైపే పూడ్చాం. గొయ్యి తవ్వుతున్నంతసేపూ థాచర్ పక్కనే నిలబడి, "నెమ్మదిగా తవ్వండయ్యా, నెమ్మదిగా" అని ఒకటే గోల. కెజయా మీద ప్రేమ అనుకునేరు! ఆ మట్టిలో కెప్టెన్ గారు తగులుతాడేమోనని హడలు.

ఇప్పుడు రాయి తుడవడం మానేశాడు. ఇన్నేళ్లూ బూటుకాళ్లతో తొక్కిన ఆ గడ్డి మీద అడుగు పెట్టడం లేదు. కారు దిగి, వీధంతా చుట్టి వస్తున్నాడు.