ఎనిమిదా, మూడా

మధ్యాహ్నం రెండయ్యేసరికి అతను నలభై ఏడో బల్ల కింద ఉన్నాడు. మోకాళ్లు గీరుకుపోయాయి, ముక్కు నిండా దుమ్ము, పొద్దుటి టీ తప్ప కడుపులో ఏమీ పడలేదు. ఆ పార్సిల్ కంపెనీలో మూడు అంతస్తులూ కలిపి అరవై రెండు కంప్యూటర్లు. వాటిలో ఏది మొరాయించినా కింద మేనేజరు గదిలో కూర్చునే దాని తెర చూసేలా, అక్కడి నుంచే బాగుచేసేలా సాయంత్రానికల్లా సిద్ధం చెయ్యాలి. ఆఫీసులో అందరూ అతన్ని వైర్లబ్బాయి అంటారు. ముప్పై రెండేళ్లు నిండినా వాళ్లకు ఇంకా అబ్బాయే.

ఇంత చాకిరీ చేస్తున్నా అతని మొహంలో విసుగు లేదు. పైగా ఈల కూడా వేస్తున్నాడు. ఈ ఏర్పాటు వస్తే మొదట బాగుపడేది మూడో అంతస్తులో, గోడకు ఆనుకున్న బల్ల దగ్గర కూర్చుని రసీదులు ఎక్కించే తన అక్కేనని అతని నమ్మకం.

అక్కకు చూపు పోతోంది. కంటి నరం ఎండిపోతోందనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నదైనా నిలవాలంటే చుక్కల మందు మానకూడదనీ డాక్టరు చెప్పాడు. తల్లి పోయాక రెండు షిఫ్టులు టైపు కొట్టి తమ్ముడికి కంప్యూటరు చదువు చెప్పించింది ఆమే. ఆ టైపు వల్లే కళ్లు పాడయ్యాయని డాక్టరు అనలేదు. తమ్ముడు మాత్రం అలాగే అనుకుంటాడు. అనుకున్న పూట అన్నం సహించదు.

కంపెనీ లెక్క కంపెనీది. రసీదుల ఫొటోలు వేరే ఊళ్ల నుంచి తెర మీదికి వస్తాయి. చేతిరాత చదివి, కింద గళ్లలో అంకెలు కొట్టాలి. రోజుకు ఆరువందలు ఎక్కిస్తే పూర్తి కూలి, ఒక్కటి తగ్గినా సగమే. కిందటేడు ఎవరో ఎనిమిదిని మూడనుకుని కొట్టారు. ఒక పార్సిలు వెళ్లాల్సిన ఊరు కాకుండా ఇంకో ఊరు వెళ్లింది. మర్నాడే గోడ మీద కాగితం అంటించారు, చూపు ఆనని వాళ్లు పనికి రానక్కర్లేదని. వాళ్లకు వేరే పని ఇస్తామన్న మాట అందులో భూతద్దం పెట్టి వెతికినా లేదు. ఇరవై రెండేళ్లు కళ్లు ధారపోసిన మనిషికి దక్కిన మర్యాద అది.

అప్పటి నుంచి అక్కాతమ్ముళ్లు దొంగల్లా బతకడం నేర్చుకున్నారు. ఆమె తెర మీద అక్షరాలను అతను గుమ్మడికాయలంత చేశాడు. వెనక గోడే కాబట్టి ఎవరి కంటా పడలేదు. అంకె ఆనకపోతే ఆమె తెర మూల ఒక చీటీలాంటిది తెరిచి అందులో రాసి ఉంచేది. అతను దుమ్ము తుడిచే వంకతో రోజుకు మూడు నాలుగుసార్లు మెట్లెక్కి, చీటీ చదివి, రసీదు చూసి, గొంతు తగ్గించి చెప్పి వచ్చేవాడు. నీ ఒక్కదాని మీదే ఇంత దుమ్ము ఎలా పడుతుందమ్మా అని పక్క బల్లావిడ నవ్వేది.

అందుకే కింద నుంచి చూసే ఏర్పాటు అనగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇక మెట్లెక్కే పని లేదు, నువ్వు చీటీలో అడుగు, మేనేజరు గదిలో లేని వేళ చూసి నేనూ అందులోనే చెప్తాను, మూడో కంటికి తెలియదని ఇంట్లో అక్కకు విడమరిచి చెప్పాడు. బాణం గుర్తు దానంతటదే కదిలితే తను వచ్చినట్టని గుర్తు కూడా చెప్పాడు.

"అంటే దెయ్యంలా వస్తావన్నమాట," అని ఆమె నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

ఒక్క దగ్గరే అతనికి ముల్లు గుచ్చుకుంది. కింద నుంచి ఎవరైనా తెర చూడబోతే, ఆ బల్ల దగ్గరున్న మనిషిని ముందు అడుగుతుంది ఈ ఏర్పాటు, చూడనివ్వమంటారా వద్దంటారా అని. మేనేజరు ఆ ప్రశ్న తీసెయ్యమన్నాడు. దొంగను పట్టేవాడు డప్పు కొట్టుకుంటూ వెళ్తాడా అన్నాడు. చూసేది తనే కదా అని వైర్లబ్బాయి సరిపెట్టుకున్నాడు. అరవై రెండు చోట్లా ఆ ప్రశ్నను తన చేత్తోనే తీసేశాడు. కూర్చున్న కొమ్మ నరుక్కునేవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది గాని, ఆ కొమ్మ మీద ఇంకా ఎవరు కూర్చున్నారని వాణ్ణి అడగదు.

ఐదింటికి మేనేజరు గదిలో తెర మీద జాబితా వచ్చింది. మేనేజరు తనే మౌసు పట్టుకుని, అంతస్తు, బల్ల లెక్కన పెట్టిన పేర్లు ఒక్కొక్కటే చదువుతూ కిందికి వచ్చాడు. మూడు బై ఒకటి, మూడు బై రెండు, మూడు బై మూడు. ఆ తర్వాత పేరు దగ్గర ఆగిపోయాడు. అక్కడ "అక్క" అని ఉంది.

ఎనిమిదేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన వారంలో, అతను మొదట బిగించిన కంప్యూటరు అది. మురిపెంగా ఆ పేరు పెట్టుకున్నాడు. రోజూ చూసి చూసి ఆ పేరు అతని కంటికి ఆనడం మానేసింది. చూపు పోయింది అక్క ఒక్కదానికే కాదు.

"ఇదెవరయ్యా, ఆఫీసు మొత్తానికీ అక్క?" అని మేనేజరు నవ్వుతూ నొక్కాడు. అది పాతది సార్, రేపు చూద్దామని అతను అనేలోపే తెర తెరుచుకుంది.

ఒకే ఒక్క రసీదు, అందులోనూ సగం, గోడంత అంకెలతో. ఇది చెడిపోయినట్టుందే అన్నాడు మేనేజరు. అవును సార్, పైకెళ్లి బాగుచేసి వస్తానని వైర్లబ్బాయి లేచాడు. పైకెందుకు, ఇక్కడి నుంచి చెయ్యడానికే గదా ఇంత ఖర్చు అంటూ మేనేజరు మౌసు అటూ ఇటూ తిప్పాడు.

పైన బాణం గుర్తు దానంతటదే కదిలింది.

తెర మూల చీటీ తెరుచుకుంది. ఒక్కో అక్షరం మెల్లగా పడసాగింది.

"వచ్చావా నాన్నా. నాలుగో గడిలో ఎనిమిదా, మూడా? పొద్దుట్నుంచీ ఎడమ కన్ను బొత్తిగా ఆనట్లేదు. నూట పది వెనకబడ్డాను. ఎవరికీ అనుమానం రాలేదులే."

మేనేజరు రెండుసార్లు చదివాడు. అరవలేదు. అరిచినా బాగుండేదని వైర్లబ్బాయికి అనిపించింది. ఎన్నాళ్ల నుంచి సాగుతోంది ఇది అని మాత్రం అడిగాడు. కీబోర్డు అతని ముందుకు తోశాడు.

"నువ్వు చెప్పకపోతే ఆవిడే చెప్తుంది. నువ్వే అనుకుంటోందిగా. అడుగు. నీ ఉద్యోగానికి ఢోకా లేకుండా నేను చూస్తాను."

అక్క పని పోయిందని అతనికి తెలిసిపోయింది; దాన్ని ఇక బ్రహ్మదేవుడు కూడా ఆపలేడు. ఇంట్లో తన కూలైనా మిగిలితే చుక్కల మందుకు లోటుండదు. అడిగితే చాలు. నిన్నటిదాకా మెట్లెక్కి వెళ్లి, ఆమె చెవి దగ్గర ఎనిమిదనో మూడనో చెప్పిన నోటితోనే ఇప్పుడు అడగాలి. వేళ్లు కీబోర్డు మీద పెట్టాడు.

"అక్కా, ఇది నేను కాదు," అని కొట్టాడు.

మేనేజరు కుర్చీలో ముందుకు జరిగాడు. పైన ఆమె మొహం తెరకు ఆనించి, ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటోందని తమ్ముడికి తెలుసు. చీటీలో మళ్లీ అక్షరాలు పడ్డాయి, ఈసారి ఇంకా మెల్లగా.

"మరెవరు?"

అతను కళ్లు తుడుచుకోలేదు. కీబోర్డు మేనేజరు వైపు జరిపాడు.

"మిమ్మల్నే అడుగుతోంది సార్. చెప్పండి," అన్నాడు.

మేనేజరు చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. తెర మీద ఆ ప్రశ్న పక్కన సన్నటి గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.