ప్రోత్సాహ కూడిక

ఆదివారం ఆరాధన అయ్యాక కవిత చాపలు దులిపి చుట్టిపెడుతుంటే భర్త సురేందర్ ఎప్పటిలాగే అడిగాడు.

"ఇయ్యాల వాక్యం ఎట్లుండె?"

"మంచిగుండె."

ఆమె వినలేదు. ఆయన వాక్యం చెబుతున్నంతసేపూ వెనకగదిలో సంఘంవాళ్ల పిల్లలకు పాటలు నేర్పింది, మధ్యలో లేచి చాయ్‌కి నీళ్లు పెట్టింది, ఎవరి పసిదో ఏడుస్తుంటే ఎత్తుకుని బయట తిప్పింది. కోడేరు దగ్గరి ఈ ఊరికి సురేందర్ పాస్టరుగా వచ్చినప్పటి నుంచీ ఆమె ఆదివారాలు ఇంతే. చర్చి ఊడ్చేది ఆమె. జ్వరం వచ్చినవాళ్ల మంచం పక్కన కూర్చునేదీ ఆమే. ఆడవాళ్లు ఆమెతో చెప్పుకున్న కష్టాలు, ఆమె వాళ్లతో అన్న ఓదార్పు మాటలు, ఆదివారానికి సురేందర్ నోట వాక్యమై వచ్చేవి. పెళ్లయిన కొత్తలో అత్త కాంతమ్మ చెప్పింది: "సేవకుని పెండ్లాం దీపంల నూనె లెక్కుండాలె బిడ్డా. కనబడొద్దు, అయిపోవద్దు." కనబడకుండా ఉండటం కవితకు తొందరగానే అలవాటైంది. అయిపోకుండా ఉండటమే చేతకాలేదు.

మొన్న వానాకాలంలో ఆమెకు ఐదో నెల కడుపు పోయింది. నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి ఇల్లు చేరిన వారమే సురేందర్ సంఘం ముందు సాక్ష్యం చెప్పడానికి నిలబడి, "మా ఇంట్ల జరిగినదానికి కూడ దేవునికి స్తోత్రం చెప్తున్న" అన్నాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఒక్కొక్కరే వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు. కవిత వాళ్లకు చాయ్ పోసింది. అప్పటి నుంచి ఆమెకు ప్రార్థన రావడం లేదు. మాటలు వస్తున్నాయి. రోజూ పొద్దున వచ్చే రేఖకోసం, ఇంకెవరెవరికోసమో కళ్లు మూసుకుంటే నోరు తనంతట తానే నడుస్తుంది. లోపల మాత్రం గింజలేని పొట్టు. ఈ సంగతి ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియలేదు. పాస్టరు భార్యకు పాస్టరు ఎవరు?

అందుకే, గద్వాలలో పాస్టర్లకు ప్రోత్సాహ కూడిక ఉంది, అమ్మగార్లను కూడా తీసుకురమ్మన్నారు అని సురేందర్ చెప్పినప్పుడు ఆమె మనసు లేచి కూర్చుంది. ఒక్క పూట తానూ చాప మీద కూర్చుని వింటుంది. ఉతికిన చీర కట్టుకుంది. వనపర్తిలో బస్సు మారేటప్పుడు సురేందర్ ముఖం చూసి జాలిపడింది కూడా. కొన్ని కుటుంబాలు వేరే సంఘానికి వెళ్లిపోయినప్పటి నుంచి ఆయన సరిగా తినడం లేదు.

షామియానా దగ్గర దిగగానే ఎవరో, "అమ్మగార్లు వెనకకు రాండ్రి, వంట మొదలుపెట్టాలె" అన్నారు. వచ్చిన భార్యలందరూ ఉల్లిగడ్డల ముందు కూర్చున్నారు. మైకులో పెద్ద పాస్టరు మాసయ్యగారి గొంతు వినిపిస్తూనే ఉంది. సేవకుడు కూడా అలసిపోతాడట, అతని ఆత్మకూ ఎవరో అన్నం పెట్టాలట. కవిత గరిటె పట్టుకుని నిలబడి వింది. ఆ మాట తనకే అన్నట్టనిపించింది.

మధ్యాహ్నం విడివిడిగా ప్రార్థన చేయించుకునే సమయం పెట్టారు. కవిత చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, మగవాళ్ల వరుస అయిపోయేదాకా ఆగి మాసయ్యగారి ముందుకు వెళ్లింది.

"అయ్యగారూ, నాకు ప్రార్థన వస్తలేదు."

ఆయన మంచివాడు. కోప్పడలేదు. "గట్లనకూడదు తల్లీ. నువ్వే నీరసపడితే సురేందర్ పరిచర్య ఎట్ల నడుస్తది?" అన్నాడు. తల మీద చెయ్యిపెట్టి చాలాసేపు ప్రార్థించాడు. సురేందర్‌కు బలం ఇవ్వమన్నాడు, సంఘాన్ని వృద్ధి చెయ్యమన్నాడు, అతని ఇంటిని కట్టమన్నాడు. కళ్లు మూసుకుని కవిత తన పేరుకోసం ఎదురుచూస్తూనే ఉంది. ఆమేన్ అనేశాడు.

తిరుగు బస్సులో సురేందర్ ముఖం కడిగిన అద్దంలా ఉంది. "ఇయ్యాల దేవుడు నాతోని మాట్లాడిండు కవితా" అన్నాడు. బస్సు కృష్ణ మీది వంతెన దాటాక గొంతు తగ్గించాడు. "మాసయ్యగారు అన్నడు, నువ్వేదో చెప్పినవంట. జర సూసుకోవాలె. మన ఇంటి బలహీనత బయట పెడితే నా సాక్ష్యం ఏంగావాలె?"

కవిత కిటికీలోంచి చూసింది. తన కడుపులో పోయింది కూడా ఆయన సాక్ష్యమే. తన ప్రార్థన కూడా ఆయన సాక్ష్యమే. తనదంటూ ఏమైనా మిగిలిందా అని వెతుక్కుంటే, ఆ ప్రార్థన రాకపోవడం ఒక్కటే మిగిలింది.

మర్నాడు పొద్దున రేఖ వచ్చింది. సీడుపత్తి చేలల్లో కూలికి పోయే పిల్ల. ముంబైకి పనికి వెళ్లిన మొగుడు అక్కడే ఇంకొక సంసారం పెట్టుకున్నాడు. పనికి పోయే ముందు కవిత దగ్గర మోకాళ్లూనడం ఆమెకు అలవాటు.

"వాడు మర్లి వచ్చేటట్టు ప్రార్థన చెయ్యుండ్రి అమ్మగారూ."

కవిత ఆమె పక్కన కూర్చుంది. కళ్లు మూసుకుంది. నోరు నడవబోయింది. ఆపింది.

"వాడు వస్తడో రాడో నాకు తెల్వదు రేఖా."

రేఖ కళ్లు తెరిచింది. "మరి ఇన్ని దినాలు వస్తడని చెప్తిరి గదా?"

"పాస్టరమ్మను గదా. చెప్పాలె గనుక చెప్పిన."

రేఖ ముఖంలో ఏదో కూలడం కవిత చూసింది. దాన్ని నిలబెట్టడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. రేఖ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లేచి వెళ్లిపోతుందనుకుంది కవిత. వెళ్లలేదు. కవిత కూడా ఊరుకోమనలేదు.

లోపలినుంచి సురేందర్ కేక వేశాడు. "ప్రార్థన అయిందా కవితా? అయితే జర చాయ్ పెట్టు."

"చెయ్యలే," అంది కవిత, కూర్చున్నచోటి నుంచి కదలకుండా. "ఇగ చెయ్య."