మనవాడే

మా సేవా సంఘంలో వరసలకు కరువు లేదు. వారానికోసారి బేకరీ పైనున్న గదిలో కలుస్తాం. అధ్యక్షుడు పళ్ల డాక్టరు. ఆయన గంట కొట్టి సభ మొదలుపెడతాడు కానీ, ఆ గంటకు నోరు మూసుకున్నవాళ్లను నేనింతవరకూ చూడలేదు. కార్యదర్శి ఆ బేకరీ నడిపే ఆవిడే. ఆవిణ్ణి నేను వదినా అంటాను. మాకు ఏ చుట్టరికమూ లేదు. పేరు పెట్టి పిలిస్తే బాగోదని వదినయింది, అంతే. నాది కింది వీధిలో ఫొటో స్టూడియో. నోరు మంచిది కాదని పేరుంది, కాదనను.

మా సంఘానికి మంచిపేరు తెచ్చింది తాళాల సేవ. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఇంటి తాళంచెవి ఒకటి మా దగ్గర ఉంచుతారు. రోజూ ఎవరో ఒకరం వెళ్లి పలకరించి, మందులు మింగించి వస్తాం. తాళంచెవులు గది గోడకున్న పలక మీద మేకులకు వేలాడుతుంటాయి. మా పిన్నిదీ అక్కడే ఉంటుంది. పిన్నికి చెవుడు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి మొన్ననే ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. నేను స్టూడియో మూసుకుని కూర్చోలేను గనక పగలు ఆమెను మనవాడు చూసుకుంటున్నాడు.

మనవాడంటే, రక్తదాన శిబిరం రోజు కుర్చీలు మోస్తూ కనిపించిన కుర్రాడు. ఆ తర్వాత ప్రతి సభకూ వచ్చాడు. డాక్టరును బాబాయ్ అనేవాడు, వదినను అత్తయ్యా అనేవాడు, నన్ను అక్కా అనేవాడు. ఏ పని చెప్పినా కాదనడు. గ్రూపు ఫొటో తీయబోతే కెమెరా నా చేతిలోంచి లాక్కుని, "నువ్వూ నిలబడక్కా, ఎప్పుడూ తీసేదానివేనా" అన్నాడు. నేను ఫొటోలో పడటం అదే మొదలు. మురిసిపోయాను. పిన్నయితే, "మీరంతా గొణుగుతారే. వాడొక్కడి మాటే నా చెవికెక్కుతుంది" అని మెచ్చుకునేది.

ఈ వారం సభలో పార్కు శుభ్రం చేయడం గురించి వాదన నడుస్తుండగా నా కళ్లు పలక మీద పడ్డాయి. మేకులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక్క తాళంచెవి లేదు.

"డాక్టరుగారూ, మీ అన్నగారబ్బాయి అన్నీ పట్టుకెళ్లాడా ఏంటి?" అన్నాను, వేళాకోళంగానే.

"మా అన్నగారబ్బాయెవరు?"

"మనవాడండీ. మిమ్మల్ని బాబాయ్ అంటాడుగా."

ఆయన నవ్వాడు. "అందరినీ ఏదో ఒకటి అంటాడమ్మా. అతను మన కార్యదర్శిగారి మేనల్లుడు."

వదిన చేతిలోని టీ కప్పు కింద పెట్టింది. "నా మేనల్లుడేంటండీ? ఈవిడ తమ్ముడు కాదూ?"

అందరూ నా వైపు తిరిగారు. నాకు తమ్ముడు లేడు. తల అడ్డంగా ఊపాను. ఆ గదిలో ఎన్నడూ లేని నిశ్శబ్దం అప్పుడొచ్చింది, గంట కొట్టకుండానే.

"ఎక్కడుంటాడతను?" అన్నాడు డాక్టరు. ఎవరికీ తెలియదు. వదిన గబగబా ఫోన్లో ఫొటోలు వెతికింది. అన్నిట్లోనూ పళ్లికిలించి మేమే ఉన్నాం. తీసినవాడు ఒక్కదాంట్లోనూ లేడు. డాక్టరు పోలీసులకు ఫోన్ చేస్తూనే, ఎవరు ఏ ఇంటికి పరిగెత్తాలో చెప్పాడు. అందరం తలో దిక్కూ పడ్డాం.

నేను స్కూటర్ పిన్ని ఇంటివైపు తిప్పాను. నా దగ్గరున్న ఆమె ఇంటి రెండో తాళంచెవి కూడా నిన్న వాడే అడిగి తీసుకున్నాడు. "అరిగిపోయిందక్కా, కొత్తది చేయించి తెస్తా" అంటే, ఎంత బాధ్యత గలవాడో అనుకుని చేతిలో పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పిన్ని ఇంటి తలుపుకి లోపల గడియ వేసి ఉంది. బాదాను. పిలిచాను. పక్కనున్న కిటికీ కొంచెం తెరిచి ఉంటే చువ్వల్లోంచి చూశాను. పిన్ని కుర్చీలో కూర్చుని ఉంది, కంటికి కట్టుతో. మనవాడు ఆమె ముందు నేల మీద కూర్చుని, ఆమె చేతికి సబ్బునురగ రాస్తున్నాడు. ఆ చేతికి బిగుసుకుపోయిన బంగారు గాజులు నేను పుట్టక ముందు నుంచీ ఉన్నాయి. రెండు అప్పటికే ఊడి పళ్లెంలో ఉన్నాయి. మూడోది తిప్పుతున్నాడు, తొందర లేకుండా. పిన్ని నొప్పికి పెదవి బిగబట్టి, చిన్నపిల్లలా చెయ్యి చాపి ఉంచింది.

"పిన్నీ, నేనే! వాడెవడో మనకి తెలీదు!" గొంతు చించుకున్నాను.

వాడు తలెత్తి నన్ను చూశాడు. కంగారుపడలేదు. చేతులు తుడుచుకుని లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు.

వాడి చెయ్యి వదిలేసరికి పిన్ని ముఖం అటూ ఇటూ తిప్పింది. "ఎక్కడికెళ్లావు నాయనా? ఎవరన్నా వచ్చారా?"

వాడు నన్ను చూస్తూనే, ఆమె చెవికెక్కేలా ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"ఎవరో పిన్నీ. మనవాళ్లు కాదు."

కిటికీ రెక్క మూసేశాడు.