గట్టుకి రెండు వైపులా

ఆ ఉదయం ఆకాశం కిందికి దిగిపోయి ఉంది.

మంచు. చేల మీద, చెరువుల మీద, కొబ్బరి మట్టల మీద... ఒకటే తెలుపు. తెల్లారిందో లేదో కోళ్లకి కూడా తెలీలేదు. తూర్పున ఒక్కచోట మాత్రం, పాలలో పసుపు చిటికెడు పడ్డట్టు, కొంచెం రంగు.

ఎండ రావాలి అనుకున్నాను.

ఎండ వస్తేనే పాప బొంతలు ఎండుతాయి.

పాప పేరు హారతి. నా కూతురు. ఆరేళ్లు. అరుగు మీద ముడుచుకుని కూర్చుని గోక్కుంటోంది. వేళ్ల సందుల్లో. మణికట్ల దగ్గర. బొడ్డు చుట్టూ. గోకి గోకి పొక్కులు చితికాయి. చితికిన చోట చీము పట్టింది.

గజ్జి.

ఆ మాట ఇంట్లో ఎవరం పైకి అనం. బళ్లో పిల్లలు అంటారు, గజ్జి హారతి అని. టీచరు గారు మర్యాదగానే చెప్పారు, తగ్గాక పంపండని. పద్దెనిమిది రోజులైంది.

మొదట వేపాకు, పసుపు నూరి రాశాం. తర్వాత కొబ్బరినూనెలో గంధకం. తర్వాత నర్సమ్మ గారిచ్చిన ట్యూబు. రాసినప్పుడల్లా తగ్గింది. తగ్గినప్పుడల్లా మళ్లీ వచ్చింది.

ఆ ఉదయం నా భార్య వెంకటదుర్గ పాప మొహం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. నన్ను చూడమన్నట్టు చూసింది.

కళ్ల కింద ఉబ్బు.

నిద్ర ఉబ్బు కాదు.

*

తబిత గారు మా ఊరి నర్సమ్మ. మంచులో లైటు వేసుకుని స్కూటీ మీద వచ్చారు. నీరు పట్టిందేమోనని పాప పాదం మీద బొటనవేలితో నొక్కి చూశారు. గుంట పడలేదు.

"ఇంకా పడలేదు" అన్నారు.

ఆ ఇంకా అన్న మాట నాకు గుచ్చుకుంది.

ఆస్పత్రికి తీసుకెళ్లాం. మూత్రం పరీక్ష చేశారు. ఇప్పటికి ఫర్వాలేదన్నారు డాక్టరు గారు. చీము తగ్గడానికి సిరప్ రాశారు. ఈ చీము ఇలా తిరగబెడుతూ ఉంటే కిడ్నీల మీదకి పోవచ్చు, ఇంక రానివ్వకూడదు, అన్నారు.

రానివ్వకూడదు.

ఇంటికి తిరిగొచ్చాక తబిత గారు అడిగారు, ట్యూబు ఎవరెవరు రాసుకున్నారని. పాపకే రాశామని చెప్పింది దుర్గ. దురద ఉన్నచోటే రాశామని చెప్పింది. తబిత గారు కేకలేయలేదు. కేకలేసినా బాగుండేది.

కంటికి కనపడని పురుగండి, చర్మం కింద బొరియ చేసుకుని గుడ్లు పెడుతుందండి, అని మెల్లగా చెప్పారు. ఇంట్లో అందరూ రాసుకోవాలట. దురద ఉన్నా, లేకపోయినా. ఒకే పూట. మెడ దగ్గర నుంచి అరికాలి దాకా. వేళ్ల సందులు, గోళ్ల కింద, ఏదీ వదలకూడదు. పొద్దున్నే కడుక్కోవాలి. బట్టలు మరగబెట్టి ఎండలో వేయాలి. మరగబెట్టలేనివి బస్తాలో మూట కట్టి వారం రోజులు ముట్టుకోకూడదు.

తర్వాత అడిగారు —

"పాప ఎవరితో ఆడుకుంటుందండీ?"

నేను దడి వైపు చూశాను.

*

దడికి అవతల మా తమ్ముడి ఇల్లు. బుల్లియ్య. వాడి భార్య తలుపులమ్మ. వాళ్ల పిల్లాడు గణేష్‌బాబు, ఐదేళ్లు.

రెండేళ్ల కిందట నా చేను పక్కనే బుల్లియ్య రొయ్యల చెరువు తవ్వాడు. ఉప్పునీళ్లు గట్టు కింద నుంచి ఊరాయి. ఆ సార్వా పంటలో నా వరి ఎర్రబడి, ఈనకుండానే నిలబడిపోయింది. నేను గట్టు మీద నిలబడి ఒక మాట అన్నాను. వాడు ఒకటి అన్నాడు.

అంతే. తర్వాత మాటల్లేవు.

పిల్లలకి అది తెలీదు. దడికి కింద ఒక కంత ఉంది. పిల్లి పట్టేంత. పిల్లలు పట్టేంత. దీపావళి ముందు దడి కొత్త ఆకులతో అల్లాను... ఆ కంత మాత్రం అల్లలేదు.

ఎందుకని దుర్గ అడగలేదు. నేను చెప్పలేదు.

ఆ కంతలోంచి వచ్చే గణేష్‌బాబు చిన్న చెయ్యి నేను చూశాను. వాడి వేళ్ల సందుల్లో పొక్కులూ చూశాను.

తబిత గారు అప్పుడే వాళ్లింటికి వెళ్లారు. గుమ్మంలోంచే తిరిగొచ్చారు. మా ఇంట్లో అలాంటివి లేవండి, అన్నాట్ట బుల్లియ్య.

"కంత మూసేస్తే పోదా?" అంది దుర్గ.

నేను పొలం మనిషిని. గట్టులో పీత బొక్క పడితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఇటు వైపు నుంచి ఎంత మట్టి కూరినా ఆగదు. గట్టు దాటి, అటు వైపు నీళ్లలోకి దిగి, అటు నుంచి కూడా మూయాలి.

అటు వైపు దిగాలి.

చొక్కా తగిలించుకుని బండి తీశాను. పెనుగొండ వెళ్లి మందుల షాపులో ఇంకో ఇంటికి సరిపడా ట్యూబులు తెచ్చాను. వాడు రాసుకుంటాడో లేదో తెలీదు. తెచ్చాను.

*

పొద్దు వాలుతుండగా వాడి గుమ్మం ఎక్కాను.

బుల్లియ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు. తలుపులమ్మ లేచింది. రండి బావగారూ, అంది, మొగుడి మొహం చూస్తూ.

సంచి అరుగు మీద పెట్టాను. సంగతంతా చెప్పాను. పాప కళ్ల కింద ఉబ్బు సంగతి చెప్పాను. నా జన్మలో ఒకేసారి అన్ని మాటలు ఎప్పుడూ ఆడలేదు.

వాడు సంచిలోకి తొంగి చూశాడు.

"రెండేళ్ల తర్వాత గుమ్మం ఎక్కి, తెచ్చింది ఇదా?"

"ఇదే. ఇద్దరిదీ అనడానికి ఇదొక్కటే మిగిలింది."

"మా ఇంట్లో ఎవరికీ లేదని చెప్పాను కదా."

తలుపు చాటున గణేష్‌బాబు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"అయితే రాత్రంతా స్తంభానికి వీపు రాసుకుంది గేదె కాబోలు" అంది తలుపులమ్మ, ఎవరితోనూ కాకుండా.

వాడు తల దించుకున్నాడు. సిగ్గు. నాకు ఆ సిగ్గు తెలుసు.

నేను చొక్కా విప్పాను.

నడుం చుట్టూ. చంకల్లో. పొట్ట మీద. నాకూ ఉంది. నెల నుంచీ ఉంది. దుర్గకి కూడా చెప్పలేదు. పాపకి రాసిన మందు నేను రాసుకోలేదు... పెద్దాడిని, నాకు గజ్జేంటని.

పాపకి మళ్లీ మళ్లీ అంటించింది ఆ కంత ఒక్కటే కాదు. నేను కూడా.

వాడి ఎదురుగా, వాడి అరుగు మీదే, మూత తీసి రాసుకోవడం మొదలుపెట్టాను. మెడ. భుజాలు. వేళ్ల సందులు. పొట్ట. చలిలో మందు చల్లగా, జిగటగా. వాడు చూస్తున్నాడు. నేను ఆపలేదు.

వీపు దగ్గర చెయ్యి ఆగింది.

పైనుంచి వేశాను. అందలేదు. కింద నుంచి వేశాను. అందలేదు.

ఎవరి వీపు ఎవరికి అందుతుంది?

చెయ్యి అలాగే ఉంచి కూర్చున్నాను. లేచి వెళ్లిపోలేదు. వెళ్లకూడదని కూర్చున్నాను. చెరువు మీద మంచు మళ్లీ లేస్తోంది. నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు వినపడుతోంది. ఎంతసేపో...

మంచం కిర్రుమంది.

నా చేతిలోంచి ట్యూబు ఎవరో తీసుకున్నారు.

గట్టుకి మట్టి మెత్తినట్టు, అరచేత్తో, పైనుంచి కిందికి. గట్టిగా. వెన్ను పక్కన, నడుం మడతలో... ఎక్కడా వదల్లేదు.

అయిపోయాక వాడు నా ముందు కూర్చున్నాడు. బనీను తీశాడు. వీపు నా వైపు తిప్పాడు.

నాకంటే వాడికే ఎక్కువ ఉంది.

రాశాను.

లోపల తలుపులమ్మ గణేష్‌బాబు గోళ్లు కత్తిరిస్తోంది. దడికి అవతల దుర్గ హారతికి రాస్తోంది. పాప చక్కిలిగిలికి నవ్వడం వినపడింది. పద్దెనిమిది రోజుల్లో మొదటిసారి.

*

మర్నాడు ఎండ కాసింది.

బుల్లియ్య పెరట్లో మూడు రాళ్ల మీద గంగాళం పెట్టాం. వాడికే పెద్ద గంగాళం ఉంది. రెండిళ్ల దుప్పట్లూ, గౌన్లూ, చీరలూ, లుంగీలూ, తువ్వాళ్లూ అందులోనే మరిగాయి. కర్రకి ఒక కొస వాడు పట్టుకున్నాడు. ఒక కొస నేను పట్టుకున్నాను. మెలితిప్పి పిండాం. దండెం చాలక దడి మీద ఆరేశాం.

దుర్గ తబిత గారికి ఫోన్ చేసింది, స్నానాలయ్యాక కూడా అందరికీ దురద పెడుతోందని. పెడుతుందండి, అన్నారట ఆవిడ. పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది, భయపడకండి, వారం తర్వాత ఇంకోసారి రాయండి, పాప ఉబ్బు మాత్రం రోజూ చూడండి, అన్నారట.

చూశాం. పెరగలేదు. తగ్గిందని చెప్పలేను.

మిట్టమధ్యాహ్నం తలుపులమ్మ ఆరు కంచాలు పెట్టింది. రమ్మని ఎవరూ పిలవలేదు. వద్దని ఎవరూ లేవలేదు. సొరకాయ పప్పు, చారు. దురదకి పడదని రొయ్య ముట్టుకోలేదు. రొయ్యల చెరువున్న ఇంట్లో రొయ్య లేని భోజనం.

పిల్లలిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. గోళ్లు లేని వేళ్లతో అన్నం కలుపుకున్నారు.

చేను మాట నేను ఎత్తలేదు.

చెరువు మాట వాడు ఎత్తలేదు.

బుల్లియ్య కుడిచేతిలో ముద్ద. ఎడమచేత్తో మెల్లగా నడుం గోక్కున్నాడు. కాసేపటికి నేనూ గోక్కున్నాను. ఒకరినొకరం చూసుకోలేదు.

తలుపులమ్మ చారు వాడి కంచంలో పోసింది. నా కంచంలో పోసింది.

తిన్నాం.