నీళ్ళు తాగే చోటు

చారులో ఉప్పు తక్కువైందని సుదర్శనం మూడుసార్లు అన్నాడు. మైకు సంగతి మాత్రం ఒక్కసారే అన్నాడు.

"వెంకటరమణకి గొంతు పోయింది కాబట్టి సరే. ఈ ఒక్కరోజే. మనింటి ఆడవాళ్ళు ఊరూరా తిరిగి మైకులో అరవడమేమిటి, అసహ్యంగా!" అని చెయ్యి కడుక్కుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

గోదాదేవి కంచం తీస్తూ నవ్వుకుంది. ధనుర్మాసంలో ఆమె పాశురాలు చదివితే, వీధి వీధంతా వినాలని తలుపులు బార్లా తెరిచి పెట్టేదీ ఈయనే. దేవుడి మాటలైతే గొంతు బంగారం, సొంత మాటైతే అరుపు. పదమూడేళ్ళ కాపురంలో ఈ లెక్క ఆమెకి కంఠతా వచ్చేసింది. అత్తగారిదీ అదే పాట: "ఉద్యోగం చేసుకోనిస్తున్నాడు, అదే పదివేలనుకో." చేసుకోనివ్వడమట! తెల్లారకముందే లేచి, మడి కట్టుకుని, పెరుమాళ్ళకి నైవేద్యం, అదే తళిగ, చేసి, అందరికీ వడ్డించి, గిన్నెలు బోర్లించి, పరుగెత్తుకుంటూ పోయి పది గంటలకి సంతకం పెట్టే ఆడదానికి ఒకరు ఇచ్చేదేమిటి?

సమాచార శాఖ ఆఫీసులో ఆమె పేరుకే టైపిస్టు. సర్కారు తీసే చిన్న డాక్యుమెంటరీ సినిమాలు హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తాయి. వాటితో వచ్చే మాటల కాగితాన్ని తెలుగు చేసేది గోదాదేవి. ఊళ్ళలో సినిమా శబ్దం తగ్గించి, తెర పక్కన నిలబడి, ఆ తెలుగుని మైకులో చదివేది వెంకటరమణ. "ఏం భాషండీ మీది!" అని సర్పంచులు దండలేస్తే "అంతా మీ అభిమానం" అని మెడ వంచేవాడు. ఆరేళ్ళలో ఒక్కసారీ ఆమె పేరెత్తలేదు. చెడ్డవాడేం కాదు పాపం, తట్టలేదంతే. తట్టకుండా బతకడం ఎంత సుఖమో మగవాళ్ళకి!

డెబ్భైతొమ్మిది వేసవి అది. ఆ మధ్యాహ్నం వడమాలపేట బడిలో కిటికీలకి జంపఖానాలు కట్టి గది చీకటి చేశారు. పొలం పనులకి కాస్త తెరిపి దొరికిన ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చాపల మీద కూర్చున్నారు. వెంకటరమణ మెడకి మఫ్లరు చుట్టుకుని వచ్చి, కాగితాలు ఆమె చేతిలో పెట్టి, గుసగుసగా చెప్పాడు: "రాసింది రాసినట్టు చదవండమ్మా. సొంతమాట కలిపితే ఆఫీసరు మెమో ఇస్తాడు."

సినిమా ఎక్కడో ఉత్తరాది కరువు ఊరిది. ఆడవాళ్ళంతా కూడి బావి తవ్వుకున్న కథ. గోదాదేవి మొదటి వాక్యం మరీ గబగబా చదివేసింది. అయినా రెండు వాక్యాలు దాటేసరికి గొంతు నిలబడింది. తను రాసిన మాట తన నోటి నుంచే వెళ్ళి ఇంతమంది ముఖాల మీద వాలడం, అబ్బ, ఎంత హాయిగా ఉందో!

అంతలో ఆ చోటు వచ్చింది. తెర మీద ఒక ముసలామె కెమెరా వైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. కాగితంలో ఒకటే వాక్యం ఉంది: ఈమె ప్రభుత్వానికి కృతజ్ఞతలు చెబుతోంది. పక్కనే పెన్సిలుతో వెంకటరమణ రాసుకున్నది: ఇక్కడ నీళ్ళు తాగవచ్చు. ఆమె మాట్లాడుతూనే ఉంది. గుండెలు చరుచుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రెండు నిమిషాలు. అది హిందీ కాదు, ఏదో వాళ్ళ ఊరి భాష; ఆఫీసులో ఎవరికీ రాదు. ఏమన్నదో ఎవరూ అడగలేదు. తెలుగు చేసేటప్పుడు గోదాదేవీ అడగలేదు.

గోదాదేవి ఆ వాక్యం చదివి ఆగింది.

ముందు వరసలోంచి ఒకామె లేచింది. మునిలక్ష్మి అని, చెరుకుతోటల్లో కూలికి పోయే మనిషి. "ఏమ్మా, ఆయమ్మ అంతసేపు ఏడస్తా మాట్టాడతా ఉంటే ఒక్క ముక్క సెప్తివే! మిగతాదంతా ఏమైపాయ?"

గోదాదేవి కాగితాలు కిందికి దించింది.

"మేమే రాళ్ళు కొట్టాం, మేమే మట్టి మోశాం" అంది మైకులో. "నీళ్ళు పడ్డరోజు మమ్మల్ని వెనక్కి జరగమన్నారు. దండలు వేరేవాళ్ళు వేయించుకున్నారు. కోడి కూయకముందే లేచి తళిగ చేస్తాను. అందరూ తిన్నాక తింటాను. బాగాలేకపోతే మూడుసార్లు చెబుతారు, బాగుంటే ఒక్కసారీ చెప్పరు. నోరు తెరిస్తే నీకేం తెలుసంటారు. నేను చేసిన పని నాది అని చెప్పుకోవడానికి నాకు ఒక్కరోజు ఇచ్చారు. ఒక్కరోజు! నాకు కోపంగా ఉంది. చాలా ఏళ్ళుగా కోపంగా ఉంది."

ఎవరో వెనక నుంచి "అట్ల సెప్పు!" అన్నారు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు.

సినిమా అయిపోయి జంపఖానాలు విప్పేసరికి ఎండ లోపలికి వచ్చింది, దాంతోపాటు భయమూ వచ్చింది. ఉత్తరాది ముసలమ్మ చేత మా వైష్ణవుల ఇళ్ళ తళిగ చేయించాను కదా! మెమో ఖాయం. మైకు ఈ జన్మకి దొరకదు. పైగా పాపం, ఆ ముసలమ్మ నోట్లో నా మాటలు పెట్టాను. ఆఫీసు చేసింది ఒక తప్పు, నేను చేసింది ఇంకొకటి, అనుకుంది.

మునిలక్ష్మి వచ్చి చెయ్యి పట్టుకుంది. గోదాదేవి ఉండబట్టలేక చెప్పేసింది: "అమ్మా, ఆమె ఏమన్నదో నాకు తెలీదు. అవి ఆమె మాటలు కావు. నావి."

"తెలుసులేమ్మా" అంది మునిలక్ష్మి. "ఆయమ్మ సెప్పడమయిపొయ్యి, బావి బొమ్మ గూడా వచ్చె. నువ్వు సెప్తానే ఉంటివే! మేమంతా బొమ్మను ఇడిసిపెట్టి నిన్నే సూస్తా ఉంటిమి."

గోదాదేవికి నవ్వాగలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా నవ్వింది. ఎన్నేళ్ళ బరువో భుజాల మీంచి దిగిపోయింది. అక్కడున్న ఆడవాళ్ళందరూ కూడా నవ్వారు.

జీపు దగ్గర వెంకటరమణ రిపోర్టు కాగితం మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. "తళిగా!" అని బొంగురుగా నవ్వాడు. "చదివినవాళ్ళ పేరు నాదే రాసేస్తానమ్మా. ఎప్పుడూ ఉండేదే కదా, ఎవరూ ఏమీ అడగరు. మీకు మెమో తప్పుతుంది."

మంచికే అంటున్నాడని ఆమెకు తెలుసు.

"వద్దండీ, నా పేరే రాయండి" అంది. "ఆ ముసలామె ఏమన్నదో కనుక్కోమని సినిమా పంపిన ఢిల్లీ ఆఫీసుకి ఉత్తరం కూడా రేపు నేనే టైపు చేస్తాను. బుధవారం ఐరాలలో వేసే సినిమాకీ నేనే వస్తాను."

"మరి సుదర్శనం గారు ఒప్పుకోవద్దూ?"

గోదాదేవి జీపెక్కి ముందు సీట్లో కూర్చుంది.

"ఆయన్ని అడగనండీ. వెళ్తున్నానని చెబుతాను."